గుండెపై బండ పగులుట ఎట్లు?

గోదావరి ఒడ్డున గల లక్సెట్టిపేటవంటి ఊళ్ళలో వీధి ప్రదర్శనమువారు వచ్చినప్పుడు పిల్లలు ఊపిరి బిగబట్టి చూచు ఘట్టమొకటి కలదు. ఒక మనిషి వెల్లకిల పరుండును. అతని ఛాతీపై బండను పెట్టుదురు. వేరొకడు సమ్మెట ఎత్తి బలముగా మోదును. బండ రెండు ముక్కలగును; మనిషి లేచి దుమ్ము దులుపుకొనును.

ఇదే పిల్లవాడు ఇంటికిపోయి జపాను బొమ్మల కథ తెరచినచో అందులో వీరుడు పిడికిలితో కొండను పిండిచేయుచుండును. అకిరా తోరియామా 1984 నుండి 1995 వరకు ఒక వారపత్రికలో నడిపిన ‘డ్రాగన్ బాల్’ ఇట్టి కథలలో మిక్కిలి పేరుగన్నది. కథలోని బలమును, వీధిలోని బలమును బాలుడు ఒకే గాటను కట్టును. చిక్కు అక్కడనే ఉన్నది. మొదటిది కల్పన, రెండవది నిజమే గాని, అందు కండబలము పాలు చూపులకు తోచినంత లేదు.

లెక్క చూతము. సమ్మెట 3 కిలోగ్రాములు, వేగము సెకనుకు 8 మీటర్లు అనుకొందము. దాని గతిజశక్తి 96 జౌళ్ళు. బండ 30 కిలోగ్రాములు. సమ్మెట ఎగిరిపడక బండతో కలిసి కదలినదనుకొన్నచో, ద్రవ్యవేగము మారదు గనుక, రెండింటి వేగము సెకనుకు 0.73 మీటరు మాత్రమే. అప్పుడు మిగులు గతిజశక్తి సుమారు 9 జౌళ్ళు. తక్కినదంతయు బండను పగులగొట్టుటలో, వేడిమిలో, చప్పుడులో వ్యయమైనది. ఆ మిగిలిన కొంచెమును కూడ బండ వెడల్పు ఛాతీ అంతట పరచును.

ఇప్పుడు అసలు ప్రమాదము. “పెద్ద బండ మనకెందుకు, చిన్నదానితో మొదలుపెట్టుదము” అని పిల్లలు అనుకొనుట సహజము. బండ 3 కిలోగ్రాములే అయినచో కలిసిన వేగము సెకనుకు 4 మీటర్లు. మిగులు శక్తి 48 జౌళ్ళు, అనగా ముందటికంటె అయిదు రెట్లకు పైగా! అదియును గాక పలుచని బండ చిట్లగనే సమ్మెట నేరుగా ఎముకపై పడవచ్చును. పెద్ద బండ కూడ క్షేమము కాదు. దాని బరువుక్రింద ఊపిరి ఆడుటయే కష్టము, గురి తప్పిన దెబ్బకు లెక్కలు అడ్డురావు. ఉపాధ్యాయులు తరగతిలో బరువైన నిఘంటువును అరచేతిపై నుంచి స్కేలుతో మెల్లగా తట్టించి, పిదప పలుచని నోటుపుస్తకముతో అట్లే చేయించినచో భేదము చేతికే తెలియును. సమ్మెట అక్కరలేదు.

ఇంతమాత్రమున నిజమైన బలాఢ్యులు లేరని కాదు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టమున పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఇనుప గొలుసులు తెంచి, ఛాతీపై ఏనుగును నిలుపుకొని ‘కలియుగ భీము’డనిపించుకొనెను. ఇట్టి ప్రదర్శనలలో పలక ఒక కొన నేలకు ఆనినచో బరువులో కొంత నేలకే పోవును. గాలి నింపి బిగించిన ఛాతీ కమానువలె నిలుచును. అయినను మిగిలిన భారము మోయుటకు ఏండ్ల తరబడి వ్యాయామము కావలెను.

ఇక అరచేతినుండి వెలుగు చిమ్మి శత్రువులను కాల్చు వీరుల మాట. బిందెడు, అనగా 15 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 1,050 కిలోకేలరీలు కావలెను. దినమునకు 2,500 కిలోకేలరీలు తిను మనిషి భుక్తిలో అయిదింట రెండు వంతులు ఒక్క బిందెకే చెల్లును. కిలో బియ్యములో సుమారు 3,500 కిలోకేలరీలు గలవు. ఊరి చెరువును మరిగించు వీరుడు ముందుగా ఎన్ని బస్తాలు భుజింపవలెనో విద్యార్థులు గుణించి చూడవచ్చును.