పడకుండా కాపాడుదాం, కట్టివేయకుండా!

భద్రత అనగానే మనకు హెల్మెట్, సేఫ్టీ బెల్టు, వర్క్ పర్మిట్ గుర్తుకు వస్తాయి. ప్రతి సంవత్సరం మార్చి 4న, జాతీయ భద్రతా దినోత్సవం నాడు, అందరమూ కలిసి ప్రతిజ్ఞ చేస్తాము. కాని ఆ సూత్రాలు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోవలసినవి కావు. మన ఇళ్లలోను, సంరక్షణ కేంద్రాలలోను ఉన్న మతిమరుపు వ్యాధిగ్రస్తులైన పెద్దలకు వాటి అవసరం మరింత ఎక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, కిందపడడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది మరణిస్తున్నారు. ప్రమాదవశాత్తు తగిలే గాయాల వల్ల సంభవించే మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. మన దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నదని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. అదే వయసులోని ఇతరులతో పోల్చితే వీరు కిందపడే అవకాశం దాదాపు రెట్టింపు.

ఎందుకు పడతారు?

డిమెన్షియా జ్ఞాపకశక్తిని మాత్రమే హరించదు. దూరాన్ని, లోతును అంచనా వేసే శక్తి తగ్గుతుంది, నడక తడబడుతుంది, "నాకు ఇప్పుడు బలం లేదు, ఒంటరిగా లేవరాదు" అన్న సంగతి గుర్తుండదు. దీనికి తోడు నిద్రమాత్రలు, మనసును శాంతపరచే మందులు, కొన్ని రక్తపోటు మందులు తూలుడు కలిగిస్తాయి. పడుకున్నవారు లేచి నిలబడిన 3 నిమిషాల లోపల పై రక్తపోటు 20 పాయింట్లు తగ్గినట్లయితే వైద్యునికి తప్పక తెలపాలి. వాడుతున్న మందులన్నింటినీ అప్పుడప్పుడు వైద్యుని చేత సమీక్షింపజేయడం మంచిది. సొంతంగా మాత్రం ఏ మందునూ ఆపరాదు.

నేల, వెలుతురు, ఆసరా

ఇంజనీరు చేయదగిన పని ఇక్కడే ఉన్నది. 20 ఏళ్ల యువకుని కంటి లోపలికి చేరే కాంతిలో సుమారు మూడో వంతు మాత్రమే 60 ఏళ్ల వ్యక్తి కంటికి చేరుతుంది. కనుక మనకు చాలిన వెలుతురు వారికి చాలదు. మంచం నుండి మరుగుదొడ్డి వరకు రాత్రంతా చిన్న దీపం వెలగాలి. మెరిసే నేల వారికి తడిగా కనిపించవచ్చు; గుమ్మం ముందు పరచిన నల్లని పట్టా గొయ్యిలా తోచి, దానిని దాటబోయి తూలవచ్చు. తెల్లని గోడకు తెల్లని కమోడ్ ఉంటే అది వారి కంటికి ఆనదు. సీటు మాత్రం వేరే రంగులో ఉంటే చాలు. స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ చేతికి ఇమిడేలా దాదాపు 40 మిల్లీమీటర్ల మందం ఉండాలి, గోడకు 50 మిల్లీమీటర్ల ఎడంగా బిగించాలి. టవలు వేసుకునే కడ్డీ మనిషి బరువును ఆపలేదు. వదులైన హవాయి చెప్పులకు బదులు మడమ పట్టి ఉంచే పాదరక్షలు వాడాలి.

లేవడానికి ఒక కారణం ఉంటుంది

"ఎంత చెప్పినా కూర్చోరు" అని సంరక్షకులు విసుగు చెందుతుంటారు. కాని లేచేవారికి ఒక అవసరం ఉంటుంది: మూత్రవిసర్జన, దాహం, నొప్పి, భయం. నలభై ఏళ్లు షిఫ్టులలో పనిచేసిన వ్యక్తి తెల్లవారకముందే "డ్యూటీకి వేళయింది" అని లేవడంలో వింత లేదు. వాదించి ప్రయోజనం లేదు. ఆ వేళకు ఒక కప్పు కాఫీ ఇచ్చి, చేయి పట్టుకొని నాలుగడుగులు నడిపిస్తే మనసు కుదుటపడుతుంది.

మా బంధువొకరు ఉన్న సంరక్షణ కేంద్రంలో ప్రతి పతనాన్ని ఒక పుస్తకంలో రాస్తారు: ఏ వేళ, ఏ చోట, అంతకు ముందు ఏమి చేస్తున్నారు. కొంతకాలం రాసిన తరువాత ఆయన తూలినవన్నీ సాయంత్రం టీ తాగిన కాసేపటికి, మరుగుదొడ్డి దారిలోనే అని తేలింది. టీ కాగానే తామే అక్కడికి తీసుకొని వెళ్లడం మొదలుపెట్టారు. ఆ వేళ తూలడం చాలావరకు తగ్గింది. త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని కూడా నమోదు చేయాలని మన సేఫ్టీ విభాగం చెప్పేది ఇందుకే.

కట్టివేయవచ్చునా?

కుటుంబ సభ్యులను అన్నిటికంటె బాధించే ప్రశ్న ఇది. పడి తుంటి విరగడం కంటె కుర్చీకి కట్టి ఉంచడం మేలు కదా అనిపిస్తుంది. కట్టి ఉంచితే కండరాలు క్షీణిస్తాయి, పుండ్లు పడతాయి, ఆందోళన పెరుగుతుంది. విడిపించుకొనే ప్రయత్నంలో ఘోరమైన గాయాలు తగులుతాయి. మంచం కటకటాల నడుమ ఇరుక్కొని మరణించినవారూ ఉన్నారు. అమెరికాలో 1987 నాటి చట్టం వృద్ధాశ్రమాలలో ఇటువంటి నిర్బంధాన్ని పరిమితం చేసింది. అటుపిమ్మట కట్లు తగ్గించినంత మాత్రాన తీవ్రమైన గాయాలు పెరగలేదని పరిశీలనలలో తేలింది. మత్తు మందుతో పడుకోబెట్టడం కూడా ఒక విధమైన కట్టే. మంచం ఎత్తు తగ్గించడం, పక్కన మెత్తని పరుపు వేయడం, పగటిపూట నడిపించడం ఇంతకంటె మేలైన మార్గాలు. యంత్రాన్ని ఆపివేస్తే ప్రమాదం జరగదు, నిజమే. కాని మనిషి యంత్రం కాదు.

ఒకవేళ పడితే?

వెంటనే లాగి లేపరాదు. తలకు దెబ్బ తగిలినదా, కాలు పొట్టిగా లేదా వంకరగా కనిపిస్తున్నదా, ఎక్కడ నొప్పి అన్నది చూడాలి. రక్తం పలుచబరచే మందులు వాడేవారి తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి.

వృద్ధుల సమస్యలపై సలహా కోసం కేంద్ర ప్రభుత్వ ఎల్డర్ లైన్ 14567 ఉన్నది. ఈ ఆదివారం ఒక గంట వెచ్చించి, మంచం నుండి మరుగుదొడ్డి వరకు మీ ఇంటి పెద్దల దారిలో మీరే ఒకసారి నడిచి చూడండి, రాత్రివేళ, వారి వేగంతో. సరిచేయవలసినది ఏదో ఒకటి తప్పక కనిపిస్తుంది.