నాన్న పుట్టిన ఏడాది రేజర్

నాన్న పోయాక ఊళ్లో ఇల్లు ఖాళీ చేస్తూ, ఆయన రేజర్‌ని పాత ఇనుప సామాన్లవాడికి వేసేశాం. ఈ ఏడాది ఇక్కడ మా అబ్బాయికి గడ్డం మొదలయ్యాక అది గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

అమెరికాలో యాంటిక్ షాపుల్లో, ఫ్లీ మార్కెట్లలో అలాంటి పాత జిల్లెట్ రేజర్లు దొరుకుతాయి. మొదటిసారి ఫొటోలో తళతళ చూసి ఆన్‌లైన్‌లో కొన్నా. తీరా వస్తే ఒక రెక్క మూసుకోదు. అప్పట్నుంచి చేత్తో పట్టుకుని చూశాకే కొంటున్నా.

పిడి అడుగున ఉన్న మర తిప్పితే పైన రెండు రెక్కలూ సమానంగా తెరుచుకోవాలి. మూశాక కదలకూడదు. కొత్త బ్లేడు వేస్తే రెండు వైపులా అంచు ఒకేలా కనిపించాలి. హెచ్చుతగ్గులుంటే గాట్లు పడతాయి. తెల్లటి సబ్బు మరకలు గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో పోతాయి. పూత లేచి ఇత్తడి బయటపడితే మాత్రం మళ్లీ రాదు. అది చూపుకే లోటు, పనికి కాదు. ధర తగ్గించమని అడగండి.

1950ల నాటి జిల్లెట్లకు తల అడుగున ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. అక్షరం ఏడాదిని, అంకె అందులో ఏ మూడు నెలలో చెబుతాయి. 'బి' అంటే 1956. నాన్న పుట్టిందీ, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందీ ఆ ఏడాదే.

మొన్న 'బి4' దొరికింది. పూత కాస్త పోయింది కానీ రెక్కలు చక్కగా మూసుకుంటున్నాయి. మావాడి చేతికిచ్చి, "నొక్కకు నాన్నా, దాని బరువుకే జారనివ్వు" అన్నాను. నాన్న నాకు చెప్పిందీ అదే.