ఆపబోతే కూలే కంప్యూటరు

విద్యార్థులారా! మీ బడి కంప్యూటరు గదిలోనో, ఊళ్ళోని మీసేవ కేంద్రంలోనో ఇలాంటిది మీరు చూసే ఉంటారు. కంప్యూటరు రోజంతా బుద్ధిగా పనిచేస్తుంది. పాఠాలు చూపిస్తుంది, లెక్కలు చేస్తుంది, ప్రింటు తీసి ఇస్తుంది. సాయంత్రం దానిని ఆపడానికి 'షట్ డౌన్' అంటాం. తెరమీద చిన్న చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలవుతుంది. అంతలో తెరంతా నీలంగా మారి, ఏవో ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. లేదా ఆ చుక్కలు పది నిమిషాలైనా అలా తిరుగుతూనే ఉంటాయి. లేదా ఆగినట్లే ఆగి, ఎవరూ మీట నొక్కకుండానే తనంతట తానే మళ్ళీ మొదలవుతుంది. పని చేసేటప్పుడు రాని జబ్బు పని మానేటప్పుడు ఎందుకు వచ్చినట్లు?

"ఎలాగూ ఆపేదే కదా, ప్లగ్గు పీకేస్తే సరి!" అనేవారు చాలామంది. మా మల్లాపూర్ వైపు ఒక బడిలో అలాగే చేశారు. తొమ్మిదో తరగతి పిల్లలు ఇన్‌స్పైర్ పోటీకి పంపడానికి తమ నమూనా గురించి మూడు రోజులు కూర్చొని టైపు చేశారు. ఆ బడిలో ఉన్న ఒక్క కంప్యూటరుకూ ఈ ఆగకపోయే జబ్బే. మూడోరోజు సాయంత్రం బస్సు వేళయింది. రోజూ ఎలాగూ ఆగడం లేదు గదా అని ఒక పిల్లవాడు 'సేవ్' నొక్కి, వెంటనే ప్లగ్గు లాగేశాడు. మర్నాడు చూస్తే ఫైలు పేరైతే ఉంది. తెరిస్తే లోపల అక్షరం ముక్క లేదు. గడువుకు ఇంకా రెండే రోజులు! అదృష్టవశాత్తూ చిత్తు కాగితాలు పారేయలేదు కాబట్టి రెండు రోజులూ కూర్చొని మళ్ళీ టైపు చేశారు. ఆ కంప్యూటరు జబ్బు ఎలా బయటపడిందో తరువాత చెబుతాను. ముందు ఆ అక్షరాలు ఏమయ్యాయో చూద్దాం.

కంప్యూటరులో జ్ఞాపకం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి ర్యామ్. ఇది చాలా వేగమైనది, కాని కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకుంటుంది. రెండోది డిస్కు. ఇది నెమ్మది, కాని కరెంటు పోయినా మరచిపోదు. మీరు 'సేవ్' అనగానే ప్రతి అక్షరమూ ఆ క్షణానే డిస్కులోకి చేరిపోదు. డిస్కు నెమ్మది కాబట్టి కంప్యూటరు ఆ సమాచారాన్ని కాసేపు ర్యామ్‌లో పోగుచేసి, వీలు చూసుకొని డిస్కు మీద రాస్తుంది. పలక మీద వేసుకున్న లెక్కలను తరువాత తీరికగా నోటుబుక్కులోకి ఎక్కించినట్లు అన్నమాట. ఎక్కించేలోగా పలక తుడిచేస్తే ఏమవుతుంది? ఆ ఫైలుకు జరిగింది అదే. పేరు నోటుబుక్కులోకి ఎక్కింది, పాఠం పలక మీదే ఉండిపోయింది.

కాబట్టి కంప్యూటరును ఆపడం అంటే బల్బు ఆర్పడం లాంటిది కాదు. చక్కెర కర్మాగారాన్ని ఆపడం లాంటిది. మా మల్లాపూర్ మండలంలోని ముత్యంపేటలో చక్కెర కర్మాగారం నడిచేది. 2015 డిసెంబరులో అది మూతపడింది. అది నడిచిన రోజుల్లో చెరుకు తోలిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే ఒక మాట అడగండి: సీజను చివర మిల్లును ఒక్క స్విచ్చితో ఆపేసేవారా? ఎక్కడా అలా ఆపరు. ముందు చెరుకు రావడం ఆగాలి. ఆఖరి గడను పిండిన తరువాతనే మిల్లు ఆగాలి. సున్నం కలిపి రసాన్ని తేర్చే తొట్లు ఖాళీ కావాలి. ఆ తరువాత రసాన్ని చిక్కబరిచే పాత్రలు, ఆపైన చక్కెర పలుకు కట్టే పెద్ద పాన్లు ఖాళీ కావాలి. వీటన్నిటికీ ఆవిరినిచ్చే బాయిలరు అందరికన్నా చివర. తొందరపడి బాయిలరును ముందే ఆర్పేస్తే పాన్లలో పాకం గడ్డకడుతుంది, తొట్లలో రసం పులుస్తుంది. ఎక్కడో ఒక పాన్ దగ్గరి మనిషి "నాది ఖాళీ అయింది" అని చెప్పకపోతే బాయిలరు దగ్గరివాళ్ళు ఎదురుచూస్తూ కూర్చోవాల్సిందే.

కంప్యూటరులోనూ ఇదే వరుస. 'షట్ డౌన్' అనగానే ఆపరేటింగ్ సిస్టమ్ ముందుగా మీరు తెరిచిన ప్రోగ్రాములకు కబురు పంపుతుంది: "ఉన్నది భద్రం చేసుకొని ముగించండి." తరువాత తెరవెనుక నడిచే సేవలను ముగించమంటుంది. ర్యామ్‌లో మిగిలిన సమాచారాన్ని డిస్కు మీద రాయిస్తుంది. ఆపైన ప్రింటరు, నెట్‌వర్కు, ధ్వని, తెర వంటి పరికరాలను ఒక్కొక్కటిగా నిద్రపుచ్చుతుంది. అన్నీ "సరే" అన్నాక, చిట్టచివర కరెంటు పెట్టెకు "ఇక ఆపు" అని సంజ్ఞ అందుతుంది. ఇంత తతంగం కొద్ది సెకన్లలో జరిగిపోతుంది కాబట్టి మనకు ఒక్క పనిలా కనిపిస్తుంది.

ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు దొరికినట్లే. రోజంతా పనిచేసేటప్పుడు ఏ పరికరాన్నీ "ముగించు" అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న ఎదురయ్యేది ఆపేటప్పుడు మాత్రమే. లోపం పొద్దున్నించీ ఉంది, సాయంత్రం దానికి పరీక్ష వచ్చింది!

ఈ పరీక్షలో తరచుగా తప్పేవి డ్రైవర్లు. బస్సు డ్రైవర్లు కారు సుమా! ఆపరేటింగ్ సిస్టమ్‌కూ పరికరానికీ మధ్య దుబాసీ పనిచేసే చిన్న ప్రోగ్రామును డ్రైవరు అంటారు. మామూలు ప్రోగ్రాము ఒకటి పాడైతే అది ఒక్కటే మూతపడుతుంది. చాలా డ్రైవర్లు అలా కాదు. అవి ఆపరేటింగ్ సిస్టమ్ గర్భగుడిలో, అంటే 'కెర్నెల్'లో కూర్చొని పనిచేస్తాయి. అక్కడ ఒక్కటి తప్పటడుగు వేసినా, సమాచారం మరింత చెడిపోకముందే విండోస్ తనను తాను నిలిపివేసుకుంటుంది. ఆ నీలితెర అదే. అది కంప్యూటరు చావు కాదు, ప్రమాదం చూసి గొలుసు లాగి రైలు ఆపడం వంటిది.

కెర్నెల్‌లో ఒక్క లోపం ఎంత పని చేస్తుందో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ తన రక్షణ ప్రోగ్రాముకు లోపమున్న ఒక ఫైలును పంపింది. దాన్ని చదివిన కెర్నెల్ డ్రైవరు కూలింది, దానితోపాటు విండోస్ కూలింది. కంప్యూటరు మళ్ళీ మొదలుకాబోవడం, మళ్ళీ కూలడం, ఇదే వరుస. సుమారు 85 లక్షల కంప్యూటర్లకు ఈ దెబ్బ తగిలిందని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు మన హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు కలంతో రాసి ఇచ్చారు!

ఆపే కష్టం కొత్తదేమీ కాదు. విండోస్ 95 నాటి చాలా కంప్యూటర్లకు గోడమీది స్విచ్చి లాంటి నిజమైన స్విచ్చి ఉండేది. ఆపరేటింగ్ సిస్టమ్ తన పని ముగించి, "ఇక మీరు నిశ్చింతగా ఆపుకోవచ్చు" అని తెరమీద రాసేది. అప్పుడు మనమే లేచి ఆపాలి. 1995లో ఇంటెల్ సంస్థ 'ఏటీఎక్స్' అనే కొత్త నమూనా తెచ్చింది. దానితో కరెంటు పెట్టెను ఆపే పని కంప్యూటరు చేతికే వచ్చింది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 'ఏసీపీఐ' అనే ఒప్పందం రూపొందించాయి. ఏ పరికరం ఎలా నిద్రపోవాలో, ఎలా లేవాలో చెప్పే నియమావళి అది. నియమం ఉన్నా అందరూ సరిగా పాటించాలి గదా! 1999లో వచ్చిన విండోస్ 98 రెండవ కూర్పు ఎన్నో కంప్యూటర్లలో ఆగకుండా మొండికేసింది. దానిని సరిచేయడానికి మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా 'షట్ డౌన్ సప్లిమెంట్' అనే అనుబంధాన్నే విడుదల చేయవలసి వచ్చింది.

జబ్బు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

ముందు చేయవలసింది ముఖ్యమైన ఫైళ్ళను పెన్ డ్రైవులోకి ఎక్కించుకోవడం. ఇది కాకుండా మిగతావి మొదలుపెట్టకండి.

తరువాత ఒక తేలికైన పరీక్ష. 'షట్ డౌన్' చేసి చూడండి, 'రీస్టార్ట్' చేసి చూడండి. రెండూ ఒకటే అనుకుంటున్నారా? కాదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటు ఉంది. అది ఉన్నప్పుడు షట్ డౌన్ అంటే కంప్యూటరు పూర్తిగా ముగించదు. కెర్నెల్ ఉన్న స్థితిని డిస్కు మీద బొమ్మలా దాచుకొని పడుకుంటుంది, మర్నాడు ఆ బొమ్మ చూసి త్వరగా లేస్తుంది. రీస్టార్ట్ అన్నప్పుడే అన్నీ విప్పి మళ్ళీ మొదటి నుంచి కట్టుకుంటుంది. కాబట్టి రీస్టార్ట్ సజావుగా జరిగి షట్ డౌన్ మాత్రమే చెడుతూంటే, ఫాస్ట్ స్టార్టప్ మీద అనుమానపడాలి. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకొని షట్ డౌన్ మీద క్లిక్ చేస్తే ఆ ఒక్కసారికి పూర్తిగా ముగుస్తుంది. అలా చేస్తే సవ్యంగా ఆగిందా? అయితే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్సుకు వెళ్ళి ఫాస్ట్ స్టార్టప్‌ను తీసేయండి. రెండూ చెడుతూంటే డ్రైవరో, వెనుక నడిచే ప్రోగ్రామో కారణం కావచ్చు.

మూడో సంగతి నాకు చాలా ఇష్టమైనది. కంప్యూటరు తన దినచర్య తానే రాసుకుంటుంది! 'ఈవెంట్ వ్యూయర్' తెరిచి 'సిస్టమ్' భాగం చూడండి. అక్కడ 41 అనే సంఖ్యతో 'కెర్నెల్ పవర్' అని ఉంటే, కిందటిసారి కంప్యూటరు సవ్యంగా ముగియలేదని అర్థం. దాని వివరాల్లో 'బగ్‌చెక్ కోడ్' అని ఒక సంఖ్య ఉంటుంది. అది 0 అయితే ఏ నీలితెరా నమోదు కాలేదు. కరెంటు పోయి ఉండవచ్చు, ఎవరైనా ప్లగ్గు లాగి ఉండవచ్చు, లేదా కంప్యూటరు కదలకుండా బిగుసుకుపోయి ఉండవచ్చు. సున్నా కాకపోతే నీలితెర పేరు ఆ సంఖ్యలోనే ఉంది.

మొదట చెప్పిన బడిలో ఆ సంఖ్య 159. నీలితెరల పట్టికలో వెతికితే 159 దొరకదు. ఎందుకంటే పట్టిక 16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో ఉంటుంది. మీకు లెక్కలు వచ్చు గదా, 159ని 16తో భాగించండి. భాగఫలం 9, శేషం 15. ఆ పద్ధతిలో 10 నుంచి 15 వరకు ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అని రాస్తారు. కాబట్టి 159 అంటే '9ఎఫ్'. పట్టికలో 9ఎఫ్ ఎదురుగా 'డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్' అని ఉంది. నిద్రపొమ్మంటే ఏదో ఒక పరికరపు డ్రైవరు జవాబు చెప్పలేదన్నమాట. మన చక్కెర మిల్లులో పాన్ దగ్గరి మనిషి నోరు విప్పలేదు!

ఏ పరికరం? దానిని పట్టుకోవడానికి ఒకే నియమం: ఒకసారికి ఒక్కటే మార్చాలి. మన ప్రయోగశాలలో చేసేది కూడా అంతే. ఆ బడిలో ముందు ప్రింటరు తీగ తీసి ఆపిచూశారు. నీలితెర వచ్చింది. ప్రింటరు తిరిగి తగిలించి, పెన్ డ్రైవులా కనిపించే వైఫై ముక్కను తీసి ఆపిచూశారు. కంప్యూటరు ఏడు సెకన్లలో చక్కగా ఆగింది. ముక్క పెట్టి మళ్ళీ చూశారు, నీలితెర మళ్ళీ వచ్చింది. ఈ చివరి పరీక్షను చాలామంది వదిలేస్తారు, కాని నేరం రుజువయ్యేది దానితోనే. ఆ వైఫై ముక్క పాతది, దానికి ఎవరో వేరే నమూనా డ్రైవరు ఎక్కించారు. దానిని తీసేసి, తయారీదారు ఇచ్చిన సరైన డ్రైవరు వేశాక జబ్బు పోయింది.

అనుమానం పరికరం మీద కాక ప్రోగ్రాముల మీద ఉంటే? కంప్యూటరుతోపాటు మొదలయ్యే ప్రోగ్రాములు పదహారు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటే ఆపిచూస్తే పదహారు పరీక్షలు పట్టవచ్చు. సగం, అంటే ఎనిమిదింటిని ఆపి చూడండి. జబ్బు పోతే దోషి ఆ ఎనిమిదిలో ఉంది, పోకపోతే మిగతా ఎనిమిదిలో. తరువాత నాలుగు, రెండు, ఒకటి. దోషి ఒక్కటే అయితే నాలుగు పరీక్షల్లో దొరుకుతుంది. ముప్పై రెండు ఉంటే ఎన్ని పరీక్షలు కావాలో మీరే చెప్పండి.

తెర బిగుసుకుపోయి ఎంతకీ కదలకపోతే ఏం చేయాలి? డిస్కు దీపం మిణుకుమంటూంటే ఇంకా ఏదో రాస్తోందని అర్థం, కాబట్టి ఆగండి. విండోస్ అప్‌డేటు జరిగేటప్పుడు చాలాసేపు పట్టడం సహజమే. దీపం ఏమీ కదలకుండా పావుగంట దాటితే పవరు మీటను నాలుగు సెకన్లకు పైగా నొక్కి పట్టుకోండి. ఆగిపోతుంది. అప్పటికీ రాయనిది ఏమైనా ఉంటే అది పోతుంది గాని, ఆ తరువాత డిస్కును తనిఖీ చేయించుకోవచ్చు.

ఒక్క హెచ్చరిక. అన్నీ చూసినా జబ్బు తగ్గకపోతే లోపం కరెంటు పెట్టెలోనో, మదర్‌బోర్డులోనో ఉండవచ్చు. అక్కడ మీరు చేయి పెట్టకండి. మన ఇళ్ళకు వచ్చే 230 వోల్టుల కరెంటు ఆ పెట్టెలో ఏకదిశ కరెంటుగా మారినప్పుడు సుమారు 325 వోల్టులవుతుంది. 230ని 1.414తో గుణించి చూడండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ఆ విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. కోరుట్లకో, మెట్‌పల్లికో మెకానిక్కు దగ్గరికి తీసుకువెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఒక చీటీ మీద మూడు సంగతులు రాసి ఇవ్వండి: చెడేది షట్ డౌనా, రీస్టార్టా, రెండూనా, బగ్‌చెక్ సంఖ్య ఎంత, ఏ పరికరం తీసేస్తే ఏమైంది. ఈ చీటీ ఉంటే ఆయన అన్నీ చెరిపేసి విండోస్ కొత్తగా ఎక్కించే పని బహుశా పెట్టుకోడు.