అలను పట్టే కడ్డీ: యాగి–ఉడా ఏంటెనా నుంచి కొడవలూరు డాబా మీది డిష్ దాకా

హైడెఫినిషన్ టెలివిజన్ కోసం ప్రత్యేకమైన ఏంటెనా అంటూ భౌతికశాస్త్రంలో ఏదీ లేదు. దుకాణంలో అట్టపెట్టె మీద ‘హెచ్.డి. ఏంటెనా’ అని ఎంత పెద్ద అక్షరాలతో అచ్చువేసినా, లోపలి లోహపు కడ్డీకి బొమ్మ ఎంత నాణ్యమైనదో తెలియదు; తనను తాకే తరంగం పొడవెంత, అది ఏ దిక్కు నుంచి వస్తోంది, దానితో కలిసి ఎంత రొద వస్తోంది అన్న మూడు విషయాలే దానికి పట్టేవి. రొద అంటే ఇక్కడ చెవికి వినిపించే శబ్దం కాదు, ఆకాశం నుంచి, నేల నుంచి, పరికరంలోని వేడి నుంచి పుట్టి అసలు సంకేతంలో కలిసిపోయే అర్థం లేని విద్యుత్ కదలిక. ఏంటెనాను ఎంచుకోవడమన్నా, నిలబెట్టడమన్నా ఈ మూడింటినీ ఆ ఊరి భూగోళానికి సరిపెట్టడమే. 1926 నాటి కడ్డీల ఏంటెనాకూ నేటి డిష్‌కూ ఈ సూత్రం ఒక్కటే.

ఆ కడ్డీల ఏంటెనా పుట్టిల్లు జపాన్‌లోని సెండాయ్ నగరం. అక్కడి తొహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో హిదెత్సుగు యాగి ఆచార్యుడిగా ఉండగా, ఆయన వద్ద పనిచేసిన షింతారో ఉడా ప్రయోగాలు చేసి, ఒక్క కడ్డీకి మాత్రమే తీగె కలిపి మిగిలిన కడ్డీలను దేనికీ కలపకుండా ఊరికే వరసగా నిలబెట్టినా తరంగ శక్తి ఒక దిక్కుకు పోగవుతుందని నిరూపించాడు. తీగె కలిపిన కడ్డీ పొడవు తరంగదైర్ఘ్యంలో, అంటే అలలోని ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి ఉండే దూరంలో, సుమారు సగం ఉంటుంది. దాని వెనుక కొంచెం పొడవైన కడ్డీని ఉంచితే అది అద్దంలా అలను ముందుకు తిప్పికొడుతుంది. ముందువైపు కొంచెం పొట్టి కడ్డీలను పేరిస్తే అవి ఆ అలను తమ వరస వెంట నడిపించుకుపోతాయి. పొడవులో ఐదు శాతం తేడా ఉంటే చాలు, తీగె లేని కడ్డీలో పుట్టే ప్రవాహం ఒక్క క్షణభాగం ముందో వెనుకో పడి, ఆ కడ్డీ నుంచి మళ్లీ వెలువడే అల అసలు అలతో ఒక దిక్కున కూడుకుంటుంది, ఎదురు దిక్కున రద్దవుతుంది. ఇంత తక్కువ లోహంతో, కదిలే భాగం ఒక్కటీ లేకుండా ఇంత ఏకాగ్రతను సాధించిన పరికరాలు ఇంజనీరింగ్ చరిత్రలో అరుదు.

ఇద్దరి పేర్లతో 1926లో పత్రం వెలువడినా పేటెంటు యాగి ఒక్కడి పేరిటే దాఖలైంది. 1928లో ఆయన ఇంగ్లీషులో రాసిన వ్యాసం అమెరికా రేడియో ఇంజనీర్ల పత్రికలో అచ్చు కావడంతో ప్రపంచానికి అది ‘యాగి’ ఏంటెనాగానే తెలిసింది. ప్రయోగభారం మోసిన ఉడా పేరు అలా వెనుకబడిపోవడం అన్యాయమే. స్వదేశంలో ఈ ఆవిష్కరణను సైన్యం పట్టించుకోలేదు. 1942లో సింగపూర్ లొంగిపోయినప్పుడు బ్రిటిష్ రాడార్ కాగితాల్లో పదేపదే కనిపించిన ‘యాగి’ అన్న మాట ఏమిటో జపాన్ సైనిక ఇంజనీర్లకు అర్థం కాక బందీని అడగగా, అది మీ దేశపు శాస్త్రవేత్త పేరేనని అతడు చెప్పవలసి వచ్చింది. మరుగున పడిన ఉడా 1950ల రెండో భాగంలో యునెస్కో నిపుణుడిగా న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశాడు. 1959 సెప్టెంబరు 15న అదే నగరంలో భారతీయ టెలివిజన్ ప్రసారం మొదలైంది.

మద్రాసు దూరదర్శన్ కేంద్రం 1975 ఆగస్టు 15న ప్రారంభమయ్యాక నెల్లూరు జిల్లా దక్షిణపు అంచున మద్రాసు బొమ్మ కోసం డాబాల మీద పొడవాటి గొట్టాలు లేచాయి. అవి అంత ఎత్తుగా ఎందుకు లేచాయో లెక్క చెబుతుంది. టెలివిజన్ తరంగాలు దాదాపు చూపుమేర మాత్రమే సాగుతాయి. గాలి వాటిని కొద్దిగా కిందికి వంచుతుంది కనుక, ప్రసార స్తంభం ఎత్తుకూ గ్రాహక ఏంటెనా ఎత్తుకూ మీటర్లలో వర్గమూలాలు కట్టి, రెండింటినీ కూడి 4.12తో గుణిస్తే అల నేరుగా చేరగల దూరం కిలోమీటర్లలో వస్తుంది. స్తంభం 150 మీటర్లు, ఇంటి ఏంటెనా 10 మీటర్లు అనుకుంటే ఆ దూరం సుమారు 63 కిలోమీటర్లు, అంటే చెన్నై నుంచి ఇంచుమించు తడ దాకా. నెల్లూరుకు ఉత్తరాన, కావలి వెళ్లే దారిలో ఉన్న కొడవలూరు చెన్నైకి 170 కిలోమీటర్ల దూరాన, ఆ హద్దుకు దాదాపు మూడింతల ఆవల ఉంది. చుట్టూ బల్లపరుపు వరిమళ్లే కనుక ఎక్కి చూడడానికి కొండ కూడా లేదు. అయినా సముద్రం మీద కింద చల్లని తేమగాలి, పైన వెచ్చని పొడిగాలి పొరలుగా నిలిచిన రాత్రుల్లో తరంగం ఆ పొరలకు వంగి నేలను విడవకుండా వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. శ్రీలంక వారి రూపవాహిని తమిళ తీరానికి అందడానికి 2,524 మీటర్ల పిదురుతలగల శిఖరం మీది స్తంభం ఒక కారణమైతే, ఇటువంటి గాలి పొరలు మరో కారణం. కాని గాలి దయతో వచ్చిన బొమ్మ గాలి దయతోనే పోతుంది.

ఆనాటి ఏంటెనా పరిమాణం కూడా తరంగమే నిర్ణయించింది. భారతదేశంలో నాలుగో చానల్‌గా పిలిచిన పట్టీ 61 నుంచి 68 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు ఆరు కోట్లకు పైగా కంపనాలు. దాని తరంగదైర్ఘ్యం 4.9 మీటర్ల దాకా ఉంటుంది కనుక ప్రధాన కడ్డీ ఏడున్నర అడుగులు ఉండవలసి వచ్చేది. బొమ్మలో చుక్కలు పడితే జనం బూస్టర్ కొనేవారు, కాని దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. గ్రాహక వ్యవస్థలో మొదటి యాంప్లిఫయర్ కలిపే రొద చివరిదాకా వెంట వస్తుంది. అందుచేత బూస్టర్‌ను ఏంటెనా పక్కనే, గొట్టం తలమీద బిగిస్తే మేలు జరుగుతుంది, కిందికి దిగిన తీగె తన వంతు శక్తిని తినేశాక టీవీ వెనుక బిగిస్తే రొదే పెద్దదవుతుంది.

1983 ఆగస్టు చివర చాలెంజర్ వ్యోమనౌక మోసుకెళ్లిన ఇన్సాట్-1బి ఈ స్థితిని మార్చింది. ఢిల్లీ కార్యక్రమాన్ని ఉపగ్రహం నుంచి అందుకుని చుట్టూ ఇరవై పాతిక కిలోమీటర్లకు పంచే 100 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్లు 1984లో దేశమంతటా పట్టణాల్లో వేగంగా వెలిశాయి. తీరానికి మాత్రం మరో పరీక్ష తప్పలేదు: 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన తీవ్ర తుఫానుల్లాంటి గాలికి పొడవాటి గొట్టమూ, దాని తలమీది కడ్డీల బరువూ నిలిచేవి కావు, తుఫాను లేని రోజుల్లో ఉప్పుగాలి నట్టుబోల్టులను తినేది.

ఇళ్ల మీద డిష్ రావడానికి చాలా ముందే తెలుగు పల్లెలు దాన్ని చూశాయి. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏ.టి.ఎస్.-6 ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు నేరుగా విద్యా కార్యక్రమాలు పంపిన సైట్ ప్రయోగంలో, కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల డిష్‌లు వాడారు. ప్రసార పౌనఃపున్యం 860 మెగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం 35 సెంటీమీటర్లు. అలతో పోలిస్తే వల కన్నాలు చాలా చిన్నవి కనుక ఆ అలకు వలా రేకూ ఒక్కటే. నేటి ఇంటి డిష్ అందుకునే తరంగం 2.7 సెంటీమీటర్లదే కాబట్టి దానికి నునుపైన రేకు కావాలి, అందులో ఒకటి రెండు మిల్లీమీటర్ల సొట్ట కూడా లెక్కకు వస్తుంది.

ఇక నేటి కొడవలూరు సంగతి. 2016 ఫిబ్రవరిలో దూరదర్శన్ స్తంభాల నుంచి డిజిటల్ ప్రసారం మొదలుపెట్టిన 16 నగరాల్లో చెన్నై ఉంది కాని, తెలుగు నగరం ఒక్కటీ లేదు. 2022 మార్చి నాటికి, వ్యూహాత్మక ప్రాంతాల్లోని సుమారు 50 తప్ప, దేశంలోని పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను ఆపేశారు. అందువల్ల ‘హెచ్.డి.’ పేరుతో అమ్మే బల్లమీది ఏంటెనాకు ఈ తీరంలో పట్టవలసిన అలే లేదు. ఇక్కడ హైడెఫినిషన్‌కు తగిన ఏంటెనా డిష్ ఒక్కటే. 720 అడ్డం, 576 నిలువు చుక్కల పాత బొమ్మతో పోలిస్తే 1920, 1080 చుక్కల కొత్త బొమ్మలో సమాచారం ఐదింతలు. దాన్ని కుదించి అదే పట్టీలో ఇరికిస్తారు కనుక అందే సంకేతం మరింత శుభ్రంగా ఉండాలి. అనలాగ్ బొమ్మ బలహీనపడేకొద్దీ చుక్కలతో ముందే హెచ్చరించేది; డిజిటల్ బొమ్మ చివరి అంచు దాకా నిర్మలంగా కనిపించి ఒక్కసారిగా గడ్డకడుతుంది. కాబట్టి బొమ్మ వచ్చింది కదా అని బిగింపు ఆపకూడదు. సెట్‌టాప్ బాక్సు చూపే రెండు గీతల్లో ‘స్ట్రెంగ్త్’ను కాక ‘క్వాలిటీ’ని గరిష్ఠానికి తేవాలి, ఎందుకంటే మొదటిది రొదను కూడా కలుపుకుని లెక్కిస్తుంది.

దూరదర్శన్ ఉచిత ఉపగ్రహ సేవ అయిన డి.డి. ఫ్రీ డిష్ చానళ్లను పంపే జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల మీద భూమధ్యరేఖకు ఎగువన నిలిచి ఉంది. 3,164 కిలోల ఆ ఉపగ్రహాన్ని మోయగల రాకెట్టు అప్పటికి దేశంలో లేకపోవడంతో, కొడవలూరుకు వంద కిలోమీటర్ల లోపున్న శ్రీహరికోట నుంచి కాక 2015 నవంబరులో ఫ్రెంచి గయానా నుంచి ఏరియన్-5 మీద పంపవలసి వచ్చింది. కొడవలూరు నుంచి చూస్తే అది ఉత్తరం నుంచి సవ్యదిశలో 136 డిగ్రీల వద్ద, అంటే సరిగ్గా ఆగ్నేయ మూలన, నేలకు 67 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఢిల్లీలో ఈ ఎత్తు 52 డిగ్రీలే. డిష్ కంటే పది అడుగులు ఎత్తైన గోడ ఆగ్నేయాన ఉన్నా, దానికి నాలుగున్నర అడుగుల ఇవతల డిష్ ఉంటే చాలు. కొబ్బరిచెట్టు మరీ దగ్గరగా ఉంటే తప్ప అడ్డు కాదు. ఇంటి డిష్ చూసేది తన ముఖం చూపే దిక్కు కాదు, దానికి ఇరవై డిగ్రీలకు పైగా ఎగువకు. అందుచేత కంటి అంచనాను నమ్మకూడదు. ముందున్న చేతి మీది ఎల్.ఎన్.బి., అంటే కేంద్రీకృతమైన అలను పెంచి కేబుల్‌కు సరిపడే తక్కువ పౌనఃపున్యానికి దించే పరికరం, ఇక్కడ సుమారు 42 డిగ్రీలు మెలితిరిగి ఉండాలి. ఉపగ్రహం దక్షిణానికి తూర్పుగా ఉన్నందున అడ్డంగా, నిలువుగా కంపించే అలలు ఈ ఊరికి ఆ మేరకు ఒరిగి చేరతాయి. ఈ మెలికను వదిలేయడం తరచుగా జరిగే లోపం.

అరవై సెంటీమీటర్ల డిష్ చూసే కిరణం వెడల్పు మూడు డిగ్రీలు మాత్రమే, పక్క ఉపగ్రహాలేమో సుమారు రెండేసి డిగ్రీల దూరంలో ఉన్నాయి. డిష్ అంచు అర సెంటీమీటరు జరిగినా దాదాపు ఒక డిగ్రీ పోతుంది. తొంభై సెంటీమీటర్ల డిష్ దానికి 2.25 రెట్ల శక్తిని పోగుచేస్తుంది, అంతే నిష్పత్తిలో గాలిని కూడా పట్టుకుంటుంది. ఈశాన్య రుతుపవనాల వానే ప్రధానమైన ఈ తీరంలో పెద్ద డిష్‌నే ఎంచుకుని, పిట్టగోడకు కాక కాంక్రీటు దిమ్మెకు నాలుగు బోల్టులతో బిగించడం మంచిది. 2.7 సెంటీమీటర్ల అలను వానచినుకులు మింగుతాయి. ఉపగ్రహం నడినెత్తికి దగ్గరగా ఉన్నందున అల వానలో నడిచే దూరం ఐదారు కిలోమీటర్లే కావడం కొడవలూరుకు కలిసివచ్చిన అంశం. అయినా కుండపోతలో ఏ డిష్ అయినా ఆగుతుంది, పెద్దదైతే ఆగే నిమిషాలు తగ్గుతాయి, అంతే. తుఫాను వేళ, వార్త అత్యవసరమైనప్పుడే, బొమ్మ పోవడం చిన్న విషయం కాదు. 1980ల మధ్యలో దక్షిణాంధ్ర, ఉత్తర తమిళ తీరాల్లో ఇన్సాట్ ద్వారా తుఫాను హెచ్చరికలు పంపడానికి వానకు చెదరని 12 సెంటీమీటర్ల అలను ఎంచుకోవడంలోని దూరదృష్టి, స్తంభాలను ఆపేసిన నిర్ణయంలో కనిపించదు. తీరపు ఇంట్లో డిష్‌తో పాటు బ్యాటరీ రేడియో ఉండి తీరాలి.

బిగింపు సరిపోయిందో లేదో సూర్యుడే ఏడాదికి రెండుసార్లు చెబుతాడు. మార్చి మధ్యలోనూ సెప్టెంబరు చివరనూ కొన్ని రోజులపాటు, ఉదయం 11 గంటల ప్రాంతాన సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. ఆయన రొదలో సంకేతం మునిగి కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది. అది పరికరం లోపం కాదు, డిష్ సరిగ్గా గురిపెట్టి ఉందనడానికి రుజువు. ఆ సమయంలో డిష్ మీద కొమ్మ నీడగాని, గోడ నీడగాని పడితే మిగిలిన రోజుల్లో ఉపగ్రహానికి అడ్డుతగులుతున్నది కూడా అదే. తుఫాను వెలిశాక ముందుగా దిమ్మె బోల్టులను, తరువాత కేబుల్ చివరి మరలో నీరు చేరిందేమోనన్నదాన్ని చూసి, ఆ తరువాతే ‘క్వాలిటీ’ గీతను చూస్తూ డిష్‌ను కదపాలి.