రాణిగారికి మొగుడిచ్చిన సీమ

మనం గుమ్మానికి నిమ్మకాయా, మిరపకాయలూ కడతాం కదా! ఇంగ్లండు వాళ్లు గుర్రపు నాడా కొడతారు. కొనలు పైకి ఉండాలట, లేకపోతే అదృష్టం కారిపోతుందని భయం. రట్లాండ్ వాళ్లు మాత్రం కొనలు కిందికే పెడతారు. పైకి పెడితే ఆ పల్లంలో దయ్యం చేరి కూర్చుంటుందట!

ఏమిటీ రట్లాండ్ అంటారా? ఇంగ్లండు మధ్యభాగంలో ఓ చిన్న కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. మొత్తం సుమారు 382 చదరపు కిలోమీటర్లు. 2021 లెక్కల్లో జనం 41 వేలు. ఓకమ్, అప్పింగమ్ అని రెండే పట్నాలు, మిగతావన్నీ పల్లెలే.

ఇంత చిన్న చోటు విడిగా ఎందుకుందో తెలుసా? పూర్వం అక్కడి రాజులు ఈ భూముల్ని రాణులకి రాసిచ్చేవారు, రేపు తాము లేకపోయినా ఆమెకి లోటు రాకూడదని. మనకి పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు ఇస్తారు, అక్కడ ఇచ్చింది మొగుడు! 1086లో రాయించిన భూముల లెక్కల్లో ఓకమ్ అంతకుముందు ఎడిత్ రాణిదని ఉంది. అందుకే ఈ సీమ పక్కవాటిలో కలవకుండా నిలిచిందంటారు.

ఓకమ్‌లో 12వ శతాబ్దం నాటి కోట హాలు ఇప్పటికీ ఉంది. మొదటిసారి ఆ ఊరొచ్చిన ప్రభువెవరైనా ఒక నాడా సమర్పించుకోవాల్సిందే. గోడల నిండా రెండు వందలకు పైగా ఉన్నాయి. 1967లో ఎలిజబెత్ రాణి కూడా ఇచ్చుకుంది. అన్నీ తలకిందులుగానే వేలాడుతుంటాయి.

వంట పేజీలు చదివే మనకి ఇంకో ముచ్చట. 1619లో ఓకమ్‌లో జెఫ్రీ హడ్సన్ అనే పిల్లాడు పుట్టాడు. ఏడేళ్లొచ్చినా అడుగున్నర ఎత్తే. ఓ విందులో ఆ పిల్లాణ్ణి పెద్ద 'పై'లో, అంటే పిండి పెంకు లోపల, దాచి రాణిగారి ముందు పెట్టారు. పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చాడు. రాణి ముచ్చటపడి తన దగ్గరే ఉంచేసుకుంది. అందరూ నవ్వారు సరే, కన్నతల్లి సంగతేమిటో!

ఇక అసలు కష్టం 1970ల్లో వచ్చింది. చుట్టుపక్కల పట్నాలకి తాగునీళ్లు కావాలని లోయకి అడ్డంగా ఆనకట్ట కట్టారు. నెదర్ హాంబుల్టన్ అనే పల్లె మొత్తం, మిడిల్ హాంబుల్టన్ చాలావరకు నీళ్లపాలయ్యాయి. మిట్టమీద ఉన్న పై హాంబుల్టన్ ఒక్కటే బతికింది, మూడువైపులా నీళ్లతో. ఈ పని సాగుతుండగానే, 1974 ఏప్రిల్ 1న, కౌంటీనే తీసేసి లీస్టర్‌షైర్‌లో కలిపేశారు. తలుచుకోండి, పుట్టిన ఊరు నీళ్లలో, జిల్లా పేరు కాగితాల్లోంచి మాయం!

వాళ్లు ఊరుకోలేదు. ఇరవై మూడేళ్లు పట్టు విడవలేదు. 1997లో రట్లాండ్‌కి సొంత పాలన తిరిగొచ్చింది. అదీ ఏప్రిల్ 1నే, కానీ ఎవర్నీ ఫూల్ చెయ్యలేదు లెండి.

ఆ చెరువు ఒడ్డున నార్మంటన్ చర్చి ఉంది. మునిగిపోతుందని కూలగొట్టబోతే జనం అడ్డుపడి, లోపల సగం ఎత్తుదాకా రాళ్లతో నింపించి నిలబెట్టారు. కింది సగం కనిపించదు, చుట్టూ నీళ్లు. ఒడ్డు నుంచి సన్నటి గట్టు మీద నడిచి వెళ్లాలి. ఇప్పుడక్కడ పెళ్లిళ్లు చేస్తున్నారు.