‘కు’ మన మాటకు తోక, ఇంగ్లీషుల జాగ

డైరెక్ట్ ఆబ్జెక్ట్, ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ అనంగనే గ్రామర్ పుస్తకం మూసేటోళ్లు మస్తుమంది. కని గీ ముచ్చట మనం మాటలు నేర్చిన కాన్నుంచి వాడుతున్నదే.

‘అవ్వ బిడ్డకు పైసలిచ్చింది.’ ఏమిచ్చింది? పైసలు. గది డైరెక్ట్ ఆబ్జెక్ట్. ఎవలకిచ్చింది? బిడ్డకు. గది ఇన్‌డైరెక్ట్. అంతే.

మరి ఫరక్ యాడున్నది? మన ‘కు’ మాటకే అతుక్కొని ఉంటది. ‘పైసలిచ్చింది అవ్వ బిడ్డకు’ అని అటీటు మార్చినా, పైసలు బిడ్డకే ముడుతయి. ఇంగ్లీషుల గా తోక లేదు, జాగనే తోక పని చేస్తది. ‘మదర్ గేవ్ హర్ డాటర్ మనీ’ అంటే సరే. వర్బ్ ఎన్క ముందు మనిషి, తర్వాత వస్తువు. ‘గేవ్ మనీ హర్ డాటర్’ అన్నవనుకో, పైసలకు బిడ్డనిచ్చినట్టయితది! వస్తువును ముంగటికి తెస్తే మనిషికి ‘టు’ తగిలియ్యాలె: ‘గేవ్ మనీ టు హర్ డాటర్’. కొనుడు, వండుడు అసొంటి పనులకైతే ‘టు’ కాదు, ‘ఫర్’: ‘బాట్ ఎ ఫోన్ ఫర్ మి’.

ఎన్కట ఇంగ్లీషుకు గూడ తోకలుండె. వెయ్యేండ్ల కిందటి ఇంగ్లీషుల ‘హిమ్’ అంటే ‘అతనికి’. ‘అతన్ని’ అనేందుకు ‘హినె’ అని వేరే మాట ఉండె. రాను రాను తోకలరిగిపోయినయి, ‘హినె’ మాయమైంది, ‘హిమ్’ ఒక్కటే రెండు పనులు మీదేసుకున్నది.

మన బడి వ్యాకరణం గూడ ఇక్కడ సాయం జెయ్యదు. ‘కిన్, కున్’ను ‘యొక్క’ పక్కపొంటి షష్ఠిల పెట్టింది. పట్టిక పక్కన పెట్టి, నోట్ల ఉన్న మాటనే పట్టుకోని పోవుడు నయం. కాకుంటే ప్రతి ‘కు’ ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ కాదు. ‘నాకు తెలుసు’ ఇంగ్లీషుల ‘ఐ నో’ అయితది. గక్కడ ‘నాకు’ పోయి ‘ఐ’ అయి కూసున్నది.

ఇగ ఇంటర్వ్యూల మనోళ్లను పట్టిచ్చేది ‘ఎక్స్‌ప్లెయిన్ మి’. ‘నాకు చెప్పు’, ‘నాకు వివరించు’ రెండిట్ల ‘నాకు’ ఒక్కతీరుగనే ఉంటది కాబట్టి ‘టెల్ మి’ లెక్కనే ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ అంటం. అర్థమైతే అందరికీ అయితది. అయినా గంత దానికే నవ్వి పక్కకు పెట్టేటోళ్లున్నరు, గది అన్యాయమే. కని కొలువు కావాల్నంటే వాళ్ల ముంగట ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి’ అనాలె.

గివ్, సెండ్, షో, టీచ్, టెల్ ఎన్క మనిషి నేరుగ వస్తడు. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్ ఎన్క ‘టు’ లేకుంట రాడు. లాటిన్, ఫ్రెంచి నుంచొచ్చిన పొడుగు మాటలు శానమట్టుకు గిట్లనే ‘టు’ అడుగుతయి. అట్లని గదే రూలనుకునేరు, ‘ప్రామిస్’ లాటిన్ మాటే, అయినా ‘ప్రామిస్డ్ మి’ అంటరు. ‘సే’ అచ్చ ఇంగ్లీషు మాట, అది మాత్రం ‘టు’ అడుగుతది. ‘హి సెడ్ మి’ అనరు. ‘హి టోల్డ్ మి’ అనుండ్రి, లేకుంటే ‘హి సెడ్ టు మి’.