చీకటిలో గుర్తింపుకే ఆయుధ దీపం: ఎంపికలో పోలీసు విభాగాలు గమనించవలసిన అంశాలు

రాత్రి గస్తీలో, సోదాలలో, బందీలను విడిపించే చర్యలలో పాల్గొనే పోలీసు సిబ్బంది తమ కార్బైనుకో, పిస్టలుకో బిగించుకొనే చిన్న దీపాన్ని ఆయుధ దీపం అంటారు. వాడుకలో వెపన్ లైట్ అన్న పేరు స్థిరపడింది. ఎదుటివాని కళ్ళకు బైర్లు కమ్మేలా చేయడమే దీని ప్రయోజనమని చాలామంది భావిస్తారు. దీని అసలు పని అది కాదు. తలుపు వెనుక నిలబడిన వ్యక్తి చేతిలో ఉన్నది పిస్టలా, సెల్‌ఫోనా, అతడు దుండగుడా, భయంతో నక్కిన ఇంటి యజమానా అన్న సంగతి ట్రిగ్గర్ మీదికి వేలు వెళ్ళకముందే తేల్చుకొనడానికి ఈ దీపాన్ని ఉద్దేశించారు. కొనుగోలు సమయంలో అడిగే ప్రతి ప్రశ్నా ఈ ప్రయోజనం నుంచే పుట్టవలసి ఉంటుంది.

2008 నవంబరులో ముంబయిపై జరిగిన ఉగ్రవాద దాడి సందర్భంగా తాజ్ మహల్ ప్యాలెస్, ఒబెరాయ్-ట్రైడెంట్ హోటళ్ళలో, నారిమన్ హౌస్‌లో జాతీయ భద్రతా దళం (ఎన్.ఎస్.జి.) కమాండోలు గది వెంట గది గాలించవలసి వచ్చింది. తాజ్ నడవాలలో పొగ, చీకటి అలముకొని ఉండగా ఏ తలుపు వెనుక ఉగ్రవాది పొంచి ఉన్నాడో, ఏ తలుపు వెనుక అతిథి దాగి ఉన్నాడో బయటినుంచి తెలిసే వీలు లేకపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఏర్పాటైన ఆక్టోపస్ దళం ఇటువంటి పరిస్థితులకోసం ఉద్దేశించినదే. ముంబయి దాడి తరువాత 2009లో ఎన్.ఎస్.జి. ప్రాంతీయ కేంద్రాలలో ఒకటి హైదరాబాదుకు వచ్చింది.

గుర్తింపునకు చట్టపరమైన ప్రాధాన్యం కూడా ఉన్నది. పోలీసు కాల్పులలో మరణం సంభవించినప్పుడు ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాలని, సి.ఐ.డి. లేక వేరొక పోలీసు స్టేషను బృందంతో స్వతంత్ర దర్యాప్తు జరిపించాలని, మేజిస్టీరియల్ విచారణ ఉండాలని పి.యు.సి.ఎల్. వర్సెస్ మహారాష్ట్ర ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు 2014లో మార్గదర్శకాలు నిర్దేశించింది. కాల్చిన వ్యక్తి ఆ క్షణంలో ఏమి చూశాడన్న ప్రశ్న అటువంటి దర్యాప్తులో తప్పక ఎదురవుతుంది. చీకటిలో ఏమీ కనబడలేదన్న సమాధానం అటు బాధితులకు గాని, ఇటు సిబ్బందికి గాని న్యాయం చేకూర్చదు.

అయితే ప్రతి ఆయుధానికీ దీపం ఉండి తీరాలన్న వాదం సరికాదు. 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ వంటి దళాలు పనిచేసే అడవిలో రాత్రివేళ వెలిగిన దీపం, దానిని పట్టుకొన్నవాని చోటును ముందుగా చాటుతుంది. అక్కడ చీకటే రక్షణ. పట్టణాలలో, ఇళ్ళ మధ్య, అమాయకులు తిరిగే చోట పరిస్థితి ఇందుకు భిన్నం. రాత్రిచూపు పరికరాలు వాడే దళాలకు కంటికి కనబడని పరారుణ కాంతి నిచ్చే దీపాలు వేరుగా ఉన్నాయి. సాధారణ పోలీసు స్టేషనుకు వాటితో పని లేదు.

దీపాల ప్రకటనలలో మొదట కనిపించేది ల్యూమెన్ల సంఖ్య. దీపం నుంచి అన్ని వైపులకూ వెలువడే మొత్తం కాంతి పరిమాణాన్ని ల్యూమెన్లు తెలుపుతాయి. ఆ కాంతి ఒక దిశలో ఎంత తీవ్రంగా కేంద్రీకృతమై ఉన్నదో తెలిపేది క్యాండెలా. ఎదుటి వస్తువుపై పడే వెలుగును లక్సులలో కొలుస్తారు. క్యాండెలా సంఖ్యను మీటర్లలో ఉన్న దూరం వర్గంతో భాగిస్తే లక్సులు వస్తాయి. ఉదాహరణకు 1,000 ల్యూమెన్లు, 5,000 క్యాండెలాలు గల దీపం 25 మీటర్ల దూరంలోని మనిషిపై 8 లక్సుల వెలుగు వేస్తుంది. 500 ల్యూమెన్లే ఉండి 20,000 క్యాండెలాలు గల దీపం అదే దూరంలో 32 లక్సులు వేస్తుంది. అంటే ల్యూమెన్లు సగమైనా, దూరాన ఉన్నవాని చేతులు నాలుగు రెట్లు ప్రకాశవంతంగా కనబడతాయి. ల్యూమెన్లను మాత్రమే చూసి టెండరు ఖరారు చేయడం, ట్యాంకులో నీరెంత ఉన్నదో చూసి కుళాయి ధార వేగాన్ని అంచనా వేయడం వంటిదే.

అలాగని క్యాండెలాలు ఎంత ఎక్కువైతే అంత మేలనీ చెప్పలేము. ఇరుకైన గదిలో, తెల్లని సున్నం వేసిన గోడపై తీవ్రమైన కాంతి పడితే అది తిరిగివచ్చి వెలిగించినవాని కళ్ళనే చెదరగొడుతుంది. కాంతి మధ్యభాగం ప్రకాశవంతంగా ఉండి, చుట్టూ మసక వెలుగు విస్తరించే దీపమైతే ఎదుటివాని ముఖంతోపాటు అతని చేతులు, గది మూలలు కూడా కంటబడతాయి. ఇళ్ళలో సోదాలకు వాడే పిస్టలుకు విశాలమైన కాంతి, ఆరుబయట కూడా వాడే కార్బైనుకు కేంద్రీకృత కాంతి తగినవి. పొగలో విశాలమైన కాంతి చెదిరి తెల్లని తెరలా అడ్డు నిలుస్తుంది. లంబసింగి దారిలో మంచు కమ్మిన వేకువలో హైబీము వేసిన డ్రైవరుకు ఈ ఇబ్బంది తెలిసినదే. సన్నని కాంతిపుంజం అటువంటప్పుడు కొంత నయం.

ప్రకటనలలోని మరి రెండు అంకెలను జాగ్రత్తగా చదవవలసి ఉంటుంది. చేతిదీపాలను పరీక్షించడానికి అమెరికాలో 2009లో రూపొంది, 2019లో సవరణ పొందిన ఎఫ్.ఎల్.-1 ప్రమాణాన్ని తయారీదారులు విస్తృతంగా అనుసరిస్తున్నారు. అందులో కాంతి దూరం అంటే వెలుగు 0.25 లక్సులకు పడిపోయే దూరం. అది ఇంచుమించు పున్నమి వెన్నెలపాటి వెలుగు. ఆ వెలుగులో మనిషి ఉన్నాడని తెలుస్తుందే తప్ప చేతిలో ఏమున్నదో తెలియదు. కనుక 200 మీటర్లని రాసి ఉన్న దీపంతో 200 మీటర్ల దూరాన ఉన్నవానిని గుర్తుపట్టవచ్చునని అనుకొనరాదు. ఇక వెలిగే కాలం అంటే, దీపం వేసిన 30 సెకన్ల తరువాత ఉన్న కాంతి అందులో 10 శాతానికి పడిపోయే వరకు పట్టే సమయం. గంటన్నర అని రాసిన దీపం వేడెక్కి కొద్ది నిమిషాలకే మసకబారినా ఆ ప్రకటన తప్పు కానేరదు. కాలం గడిచేకొద్దీ కాంతి ఎలా తగ్గుతున్నదో చూపే రేఖాపటాన్ని సరఫరాదారు నుంచి కోరడం అవసరం.

ఒకప్పుడు ఈ దీపాలలో ఫిలమెంటు బల్బులు ఉండేవి. తుపాకీ పేలినప్పుడు కలిగే కుదుపునకు ఫిలమెంటు తెగిపోయేది. 60, 65 ల్యూమెన్ల కాంతినే ఆనాడు గొప్పగా చెప్పుకొనేవారు. ఎల్.ఇ.డి. రాకతో ఆ బెడద తీరి, సుమారు 100 నుంచి 130 గ్రాముల బరువుండే పిస్టలు దీపం నుంచి 500 మొదలు 1,000 ల్యూమెన్ల వరకు లభిస్తున్నాయి. ఇప్పుడు కుదుపునకు దెబ్బతినేది బల్బు కాదు. బ్యాటరీ స్ప్రింగులు, స్విచ్చి, బిగింపు మర.

ఎంపికలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది స్విచ్చి. 2010లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం ప్లేనో నగరంలో ఒక పోలీసు అధికారి అనుమానితునికి పిస్టలు గురిపెట్టి, దీపం వెలిగించబోయి ట్రిగ్గరు నొక్కినట్లు చెప్పిన ఘటనలో ఆ అనుమానితుడు మరణించాడు. పిస్టలు పిడి మీద, ట్రిగ్గర్ గార్డుకు దిగువన మధ్యవేలితో నొక్కే స్విచ్చి ఆ దీపానికి ఉన్నది. ఇటువంటి మరికొన్ని ఘటనలను 2014లో అమెరికా పత్రికలు వెలుగులోకి తెచ్చాయి. చేతిలోని ఒక వేలిని గట్టిగా బిగిస్తే పక్క వేళ్ళు కూడా ఎంతోకొంత బిగుసుకొంటాయి. ఎవరైనా ఖాళీ చేతితో ప్రయత్నించి చూడవచ్చు. భయంతో గుండె దడదడలాడే వేళ ఆ బిగుతు మరింత పెరుగుతుంది. కనుక ట్రిగ్గరు నొక్కే చేతికి దీపంతో ఏ సంబంధమూ లేకుండా, రెండవ చేతి బొటనవేలితో నడిచే స్విచ్చిని ఎంచుకొనడమే శ్రేయస్కరం. ఎడమచేతి వాటం గలవారికి కూడా పనికివచ్చేలా రెండు పక్కలా మీట ఉండాలి.

నొక్కినంతసేపే వెలిగి, వదలగానే ఆరిపోయే సదుపాయం తప్పనిసరి. నిలకడగా వెలిగే సదుపాయం కూడా ఉండాలి గాని, ఒకదానికి బదులు మరొకటి పొరపాటున పడే అమరిక పనికిరాదు. కాంతిని టపటపా మినుకుమినుకుమనిపించే స్ట్రోబ్ విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అది ఎదుటివానితోపాటు పక్కనున్న సహచరుని చూపునూ కలవరపెడుతుంది. గుర్తింపే లక్ష్యమైనప్పుడు స్ట్రోబ్ లేని సాదా దీపానికే మొగ్గు చూపవచ్చు. కార్బైనులకు తీగతో వేలాడే నొక్కుడు పట్టీకన్నా దీపం వెనుక భాగాన ఉండే గట్టి బొత్తాము మేలు. తీగ నడుముపట్టీకి, కిటికీ చువ్వకు తగులుకొని ఊడిపోయే అవకాశం ఉన్నది.

ఆయుధ దీపానికి ఒక స్వాభావిక లోపం ఉన్నది. దీపం చూసే వైపే తుపాకీ గొట్టం కూడా చూస్తుంది. దీనితో ఇంటి నంబరు వెతకడం, వాహనం కాగితాలు తనిఖీ చేయడం, రోడ్డు దాటుతున్న వృద్ధుని ముఖం మీద వెలుగు వేయడం అంటే అమాయకునికి తుపాకీ గురిపెట్టడమే. అందుచేత ఆయుధ దీపం ఇచ్చిన ప్రతి ఒక్కరికీ వేరుగా చేతి టార్చిలైటు కూడా ఇవ్వాలి. టార్చి ఖర్చు లేకుండా వేసిన ఆయుధ దీపాల అంచనా అసంపూర్ణమైనది. గదిలోకి ప్రవేశించేటప్పుడు సైతం గొట్టాన్ని నేలవైపు దించి దీపం వెలిగిస్తే, నేలమీద పడి లేచిన కాంతితోనే గదిలో ఎవరున్నారో తెలుసుకొనవచ్చు. ఈ మెలకువ శిక్షణలో అలవడవలసినది. పగటి వెలుగులో మాత్రమే ఫైరింగ్ సాధన చేసిన సిబ్బందికి దీపం ఇచ్చి రాత్రి విధులకు పంపడం ఆయుధం మాత్రమే ఇచ్చి పంపడంకన్నా ప్రమాదకరం కావచ్చు.

ఇక అమరిక. మన పోలీసు విభాగాలకు సుపరిచితమైన 9 ఎం.ఎం. కార్బైన్ 1ఎ బ్రిటిష్ స్టెర్లింగ్ నమూనాపై కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైనది. దీపాలు బిగించే గాడుల పట్టీ దానికి లేదు. మ్యాగజైను ఎడమ పక్కకు పొడుచుకొని ఉంటుంది. మడిచిన బట్ గొట్టం కిందికి వచ్చి చేరుతుంది. ఇక మిగిలేది కుడి పక్క ఒక్కటే. అక్కడ క్లాంపుతో బిగిస్తే రంధ్రాల తొడుగు కాల్పుల వేడికి కాలుతుంది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే 9 ఎం.ఎం. పిస్టల్ ఆటో 1ఎ బ్రౌనింగ్ నమూనాది. దానికీ పట్టీ లేదు. ట్రిగ్గర్ గార్డుకు తగిలించే అమరికలు బజారులో దొరుకుతున్నా, వేలు తిరిగే చోట అదనపు వస్తువు పెట్టడం క్షేమం కాదు. ఈ రెండు ఆయుధాలు ఉన్న స్టేషన్లకు మంచి చేతి టార్చి, రెండు చేతులనూ సమన్వయంతో వాడే శిక్షణ చాలును. డి.ఆర్.డి.ఒ. రూపొందించిన 5.56x30 ఎం.ఎం. జె.వి.పి.సి. కార్బైనుకు, గ్లాక్ 17 తరువాతి తరాల పిస్టళ్ళకు తయారీలోనే పట్టీ ఉన్నది.

పట్టీలన్నీ ఒక్కటి కావు. 1995 నాటి అమెరికా సైనిక ప్రమాణం ప్రకారం పికాటినీ పట్టీ గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, గాడుల మధ్య దూరం సుమారు 10 మిల్లీమీటర్లు. పిస్టలు తయారీదారులు తమ సొంత కొలతలను పాటిస్తుంటారు. ఏ పట్టీకి ఏ తాళపు ముక్క సరిపోతుందో దీపంతోపాటు పరీక్షించి చూడాలి. దీపం బిగించిన పిస్టలు పాత హోల్‌స్టరులో పట్టదు. హోల్‌స్టరు కొనక దీపం కొన్నచోట ఆ దీపం బీరువాలోనే ఉండిపోతుంది.

బ్యాటరీల విషయంలో 3 వోల్టుల సి.ఆర్.123ఎ లిథియం సెల్ అధిక ప్రచారంలో ఉన్నది. ఇది సుమారు 10 సంవత్సరాలు నిల్వ ఉంటుంది. పాత సెల్‌ను, కొత్త సెల్‌ను కలిపి వేస్తే విపరీతంగా వేడెక్కి పగిలే ప్రమాదం ఉన్నది. తిరిగి చార్జి చేసే సెల్స్ సాధనకు చవక. అయితే రెంటచింతల, రామగుండం వంటి చోట్ల 45 డిగ్రీలు దాటే వేసవిలో ఎండలో నిలిపిన జీపులో వదిలితే వాటి ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది. వర్షాలకు తట్టుకొనేందుకు ఐ.పి.ఎక్స్.7 స్థాయి, అంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉన్నా చెడని స్థాయి, కనీస అర్హతగా పెట్టుకొనవచ్చు.

కేంద్ర సాయుధ పోలీసు బలగాల సామగ్రికి బ్యూరో ఆఫ్ పోలీస్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ గుణాత్మక అవసరాలను, పరీక్షా విధానాన్ని వెలువరిస్తుంది. రాష్ట్రాల కొనుగోలు సంఘాలకు అది మంచి ఆధారం. కాగితంపై సరిపోయిన దీపాన్ని విధులలో వాడే తూటాలతోనే, విధులలో వాడే ఆయుధం మీదనే కాల్చి చూడాలి. కొన్ని పిస్టళ్ళలో దీపం బరువు వల్ల తూటా ఎక్కడంలో తడబాటు వస్తుంది. ఈ పరీక్షను రాత్రిపూట, ఆయుధం రోజూ మోసే కానిస్టేబుల్ చేత చేయించాలి. అధికారుల బల్లమీద వెలిగించి చూసిన దీపాలకు పరీక్ష జరిగినట్లు కాదు.

కాల్పుల సాధన తరువాత గొట్టం నుంచి వెలువడిన మసి దీపం అద్దంపై పేరుకొని కాంతిని సగానికి సగం తగ్గించగలదు. సాధనకు ముందు అద్దంపై పల్చగా వ్యాజిలైన్ పూస్తే ఆ మసి మెత్తని గుడ్డతో సులువుగా వచ్చేస్తుంది. ఆయుధాగారం రిజిస్టరులో ప్రతి దీపం ఎదుట బ్యాటరీ వేసిన తేదీ రాసి, విధులకు కొత్త సెల్స్, సాధనకు విధుల నుంచి తీసిన సెల్స్ కేటాయించడం, ఒకే దీపంలో రెండింటినీ కలపకపోవడం ఆయుధాగారం బాధ్యుల పని.